గంప ఎత్తే వేళ

మా ఇంట్లో పొద్దుగూకాక అన్నం అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అడిగితే మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, అన్నానికి బదులు ఒక ప్రశ్న వడ్డించేది: “గంప ఎత్తినారా?”

మాది గిద్దలూరు దగ్గర, నల్లమల అంచున ఒక పల్లె. అప్పట్లో మా దిక్కంతా కర్నూలు జిల్లా. ఆ జిల్లా మదరాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మాకు మేకలుండేవి. పగలు తల్లిమేకలు కొండకు పోతే, ఇంకా కాళ్లు గట్టిపడని పిల్లల్ని ఇంటిముందు పెద్ద వెదురుగంప కింద మూసిపెట్టేవాళ్లం. సాయంత్రం మంద దిగివచ్చేసరికి గంప లోపల అరుపులు, గంప బయట అరుపులు. జేజి వచ్చి గంప ఎత్తేది. పిల్లలు ఎగురుకుంటూ పోయి ఎవరి తల్లిని అవి పట్టుకుని పొదుగు కుమ్మేవి. ఏ పిల్ల ఎక్కడ చేరిందో, అన్ని తోకలూ ఆడుతున్నాయో లేదో చూసుకున్నాకే జేజి చేతులు కడుక్కునేది. మా సంగటి ఆ తర్వాతే.

ఇది జాలిగుండె అని నేను చెప్పను. జేజికి మనుషుల మీద జాలి తక్కువే. నా వీపుకు ఆ సంగతి బాగా తెలుసు. కానీ పిల్ల కుడవకముందు తాను తినడమంటే ఆమెకు ఎంగిలి తిన్నట్టే. పెళ్లికి పోయినా, చావుకు పోయినా, పొద్దుగూకేసరికి మేకలున్న ఇల్లు ఎవరిదో వెతుక్కుని గంప ఎత్తారో లేదో కనుక్కుని గానీ విస్తరి ముందు కూర్చునేది కాదు. ఊళ్లో వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె వాళ్లని లెక్కపెట్టేది కాదు.

ఆ పట్టుదలే మదరాసులో మా చిన్నాయన కొంప ముంచబోయింది.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. జేజికి కడగొట్టువాడు. ఆయన పుట్టినప్పుడు జేజి చలిజ్వరంతో మంచం పట్టిందట, పాలు ఎండిపోయాయట. అప్పుడు ఇంట్లో ఒక నల్లమేక ఉండేది, ఒక్క చెవి మాత్రం తెలుపు. జ్వరంలోనే లేచి కూర్చుని, పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని, ఆ మేక పొదుగుకు నోరు పట్టించి బతికించిందట జేజి. ఈ కథ ఆమె నోటినుంచి మేము వినలేదు. ఊరంతా చెబితే విన్నాం. చిన్నాయన మీద కోపం వచ్చినప్పుడు మాత్రం “మేకపాలు తాగినోడు, ఒక్కచోట నిలుస్తాడా” అనేది. అంతవరకే.

నిలవలేదు నిజంగానే. మందను కాయమంటే రాయిమీద కూర్చుని పుల్లలు చెక్కేవాడు. తర్వాత మార్కాపురంలో పలకలు కోసే కార్ఖానాలో చేరాడు. విరిగిన పలకముక్కల మీద మేకల్ని, కుక్కల్ని చెక్కి నాకు తెచ్చి ఇచ్చేవాడు. బడిలో నా పలక మీద అక్షరాలకంటే అంచున చిన్నాయన చెక్కిన మేకలే ఎక్కువ ఉండేవి. లోకంలో నాకు ఆయనంటే ఉన్న ఇష్టం ఇంకెవరి మీదా లేదు. ఒకసారి పలకల పెట్టెల వెంట రైల్లో మదరాసు పోయాడు. పెట్టెలు దించిన మనిషి తిరిగొచ్చాడు. చిన్నాయన రాలేదు. సినిమా కంపెనీలో బొమ్మల పనికి కుదిరాడని కబురొచ్చింది.

మా పల్లెలో సినిమా అంటేనే ఎవరికీ సరిగ్గా తెలియదు. అందులో బొమ్మల పని ఏమిటో ఎవరికి అర్థమవుతుంది? నాయన మటుకు తనకు అర్థమైనట్టు చెప్పుకున్నాడు. “మేకల్ని కాయరా అంటే, మేక బొమ్మలకు నడక నేర్పడానికి పోయినాడు” అన్నాడు. అది సరిగ్గా నిజమని అప్పుడు ఆయనకూ తెలియదు.

వానలు మొహం చాటేసిన ఏడాది అది. మేతకోసం మందను అడవిలో చాలా లోపలికి తోలుకుపోవలసి వచ్చేది, ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఒకరోజు నాయన తలగుడ్డ విసిరికొట్టి, “ఈ ఎండలు పోయేలోపల వాడు రాకుంటే వాడి వంతు మేకల్ని గిద్దలూరు సంతలో అమ్మేస్తా. ఒక్కణ్ణి ఎన్నిటి ఎనక పరిగెత్తేది?” అన్నాడు.

“అమ్మేదానికి నువ్వెవడివిరా? నేనే పోయి వాణ్ణి పట్టకొస్తా” అంది జేజి.

అన్నమాట ప్రకారం బయల్దేరింది. ఆమె పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. ఆపాటికే చిన్నాయన పలకల మనిషితో చెప్పి పంపాడు: “అమ్మను ఒక్కసారి వచ్చి నా పని చూసుకోమను. చూసినాక కూడా రమ్మంటే, మారు మాట్లాడకుండా ఎంట వస్తా.” ఆ షరతు విని జేజి ముక్కు విరిచింది. “చూసేదానికి ఏముంది, చూసి పట్టకొస్తా” అంది.

నన్నెందుకు తీసుకుపోయిందంటే, నేను ఏడ్చాను కాబట్టి. అంతకుమించి కారణం ఏమీ లేదు. చిన్నాయన ఇంటికి వస్తాడంటే తీసుకొచ్చేవాళ్లలో నేనూ ఉండాలనిపించింది.

గిద్దలూరులో చిన్న రైలుబండి ఎక్కి, గుంటూరు దగ్గర దిగి, తర్వాత పెద్దబండి ఎక్కి పోయాం. పలకల మనిషే తోడు. సజ్జరొట్టెలు, చెనిక్కాయల పొడి మూట కట్టుకున్నాం. అంత ఎండల్లోనూ జేజి భుజాన గొంగడి దిగలేదు. బండిలో జనం ఆమెను చూసి జరిగి కూర్చున్నారు, మర్యాదకో గొంగడి వాసనకో నాకు తెలియదు. మాకు చోటు మాత్రం బాగా దొరికింది.

స్టూడియో చూసి నేను నోరు తెరిచాను. మేడలు, రాజుగారి కోట, గుడి, అన్నీ ఒకే ఆవరణలో. జేజి నాలాంటిది కాదు. నేరుగా కోట వెనక్కి పోయి చూసింది. వెనకాల సర్వికర్రలు, గోనెపట్టాలు, మేకులు. “ముందర మేడ, ఎనక గొడ్ల కొట్టం” అని తేల్చేసింది. చిన్నాయన నవ్వాడు. ఆయన చిక్కిపోయాడు. లాగూ తొడుక్కున్నాడు.

బొమ్మల షెడ్డు ఆవరణలో ఒక మూల, రేకుల కప్పుతో ఉండేది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. లోపల జిగురు వాసన, రంగుల వాసన, పెద్దపెద్ద బల్బుల వేడి. మధ్యలో ఒక బల్ల. ఆ బల్ల మీద మా నల్లమల ఉంది.

అబద్ధం కాదు. మార్కాపురం పలకరాయి ముక్కలు అంచెలంచెలుగా పేర్చి కొండ చేశాడు చిన్నాయన. ఎండు తుమ్మకొమ్మలు చెట్లు. కొండ దిగువన నల్లమేక ఒకటి, నా మూరెడు చెయ్యంత ఉంటుందేమో, నిలబడి ఉంది. లోపల కొయ్య, తీగలు, పైన నిజమైన మేకవెంట్రుకలు అతికించాడు. ఒక్క చెవి తెలుపు. కొండమీద దాని పిల్ల.

జేజి ఆ మేకను చాలాసేపు చూసింది. “రాయి మన దిక్కుదే” అంది చివరికి. మేక గురించి మాట్లాడలేదు. చిన్నాయన ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ మాటకోసమే చూస్తున్నాడని నాకే తెలిసింది, ఆమెకు తెలియకుండా ఉంటుందా?

షెడ్డుకు పెద్ద అక్కడి మాస్టరు. సన్నటి మనిషి, కళ్లద్దాలు, తమిళాయన. తెలుగు బాగానే మాట్లాడేవాడు. అసలు సినిమాకు ముందు చూపించడానికి ఒక చిన్న బొమ్మల కథ చేస్తున్నారట. మేకపిల్ల ఒకటి కొండల్లో తప్పిపోయి, దారి వెతుక్కుని, తల్లిని చేరుతుంది. కథ అంతే. కానీ అది నడిచే తీరు చూస్తే నాకు ఏడుపొచ్చింది. చిన్నాయన పిల్ల కాలు ఒకటి గోరంత జరిపేవాడు. పక్కకు తప్పుకునేవాడు. మాస్టరు కెమెరా పిడి ఒక్క చుట్టు తిప్పేవాడు. మళ్లీ చిన్నాయన వచ్చి తల గోరంత వంచేవాడు. మళ్లీ తప్పుకోవడం, మళ్లీ పిడి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మేము ఊపిరి బిగబట్టి కూర్చుంటే ఆ పిల్ల సగం కొండ కూడా దిగలేదు.

“మన మేకలు ఇట్ల నడిస్తే కొండ చేరేతలికి ఆకంతా రాలిపోతాది” అని జేజి నా చెవిలో అంది.

“ఇది తెర మీద వేస్తే పిల్ల దానంతట అదే నడుస్తుంది పెద్దమ్మా. మధ్యలో మన చేతులు కనపడవు. అందుకే బల్లమీద ఏదీ కదలకూడదు. ఆకు కదిలినా తెరమీద చెట్టు ఉలిక్కిపడుతుంది” అన్నాడు మాస్టరు.

జేజి తల ఊపింది. ఆమె తల ఊపిందంటే విన్నదని అర్థం, ఒప్పుకున్నదని కాదు. మా ఇంట్లో ఆ తేడా అందరికీ తెలుసు. మాస్టరుకు ఎలా తెలుస్తుంది?

సాయంత్రానికి పిల్ల కొండ దిగి, తల్లికి బెత్తెడు దూరంలోకి వచ్చింది. నాలుగు గిట్టలకూ గుండుసూదులు గుచ్చి బల్లకు నిలబెట్టి ఉంచారు. చీకటిపడితే కరెంటు అంతా కోట దగ్గర తీసే పెద్ద సినిమాకు కావాలట, బొమ్మల బల్బులు ఆర్పేశారు. మిగతా నడక పొద్దున్నే అన్నాడు మాస్టరు. ఎవరూ ముట్టుకోకూడదని మళ్లీ ఒకసారి చెప్పి, చిన్నాయనను వెంటబెట్టుకుని యజమాని గదికి పోయాడు. పోయేముందు చిన్నాయన మాకు ఆకులో కట్టిన ఇడ్లీలు తెచ్చిపెట్టి, “తింటా ఉండండి, వస్తా” అన్నాడు.

నేను పొట్లం విప్పాను. జేజి విప్పలేదు. ఉక్కపోస్తోందని కిటికీ గుడ్డ పక్కకు లాగింది. బయట పొద్దు వాలి ఎర్రగా ఉంది. ఆ వెలుగు వచ్చి బల్లమీద పడింది. తల్లి ఒకవైపు, పిల్ల ఒకవైపు.

“పిల్ల ఎడంగానే ఉండాది” అంది జేజి.

“ముట్టుకోవద్దన్నారు జేజీ.”

“ముట్టుకోవద్దన్నది ఆటకు ముట్టుకునేటోళ్లను. పొద్దు గూకలా?”

లేచింది. సూదులు ఒక్కొక్కటే పీకి పక్కన పెట్టింది. పిల్లను రెండు చేతులతో ఎత్తి, ఇంట్లో ఎత్తినట్టే రొమ్ము కింద చెయ్యి వేసి, తల్లి పొట్టకింద పెట్టింది. మూతి పైకెత్తి పొదుగుకు ఆనించింది. తల్లిమేక వీపుమీద అరచెయ్యి వేసి, నాలుక అంగిటికి కొట్టి, ఉండవే ఉండు అన్నట్టు ఒక చప్పుడు చేసింది. కొత్తగా ఈనిన మేక తన్నకుండా మేము చేసే చప్పుడు అది. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, నెమ్మదిగా కూర్చుని ఇడ్లీలన్నీ తింది. “ఉప్పు సాల్లేదు” అంది.

వాళ్లు తిరిగొచ్చి లైటు వేశారు. మాస్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

“ఎవరు జరిపారు?”

“నేనే నాయనా. పొద్దుగూకింది గదా” అంది జేజి. ఆ జవాబుకు తిరుగు ఉండదన్నట్టు అంది.

మాస్టరు స్టూలు మీద కూలబడ్డాడు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన అరవలేదు. నీరసంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. పిల్లను ఇంతకుముందు ఉన్నచోటే మళ్లీ నిలబెట్టడం ఎవరివల్లా కాదు. గుండుసూదంత తేడా వచ్చినా తెరమీద ఎగిరిపడుతుంది. ఆ నడక అంతా మొదటినుంచి తియ్యాలంటే వ్యవధి లేదు. యజమాని తొందరలోనే చూస్తానన్నాడు, ఇప్పుడే ఆ మాట చెప్పి పంపాడు. ఆయనకు నచ్చకపోతే ఈ షెడ్డు ఖాళీ చేయించి సెట్టింగుల చెక్కసామాను పెట్టుకుంటారు.

“షెడ్డు తీసేస్తే ఈడు ఏం చేస్తాడు?” అని అడిగింది జేజి, చిన్నాయనను చూపించి.

చిన్నాయన చెప్పాడు. “ఇంటికొస్తానమ్మా. నీకు కావాల్సింది అదే గదా.”

కోపంతో అనలేదు. ఆయనకు కోపం రాదు, మా ఇంటి కోపమంతా నాయనకూ జేజికీ సరిపోయింది. కానీ ఆ మాటతో జేజి మొహం పాలిపోవడం నేను చూశాను. నేను వెక్కివెక్కి ఏడ్చాను. చిన్నాయన ఇంటికి రావాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నదాన్ని నేనే. ఇప్పుడు వచ్చేస్తాడంటే ఆ మొక్కులన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది. అట్లాంటి మొహం వేసుకుని వచ్చే చిన్నాయన నాకు వద్దు.

మర్నాడు పొద్దున జేజి షెడ్డు గడప దాటలేదు. “నేను ఈడనే కూచుంటా. నా చేతులు నా మాట ఇనవు” అని బయట మెట్టుమీద కొంగు పరుచుకుని కూర్చుంది. నేను మాత్రం లోపల ఒక మూల నక్కాను.

చిన్నాయన రాత్రంతా ఏమి ఆలోచించాడో గానీ, పిల్లను అక్కడినుంచి తియ్యనివ్వలేదు. “ఈడనే ఉండనీండి సార్. ముందు తల్లి మొహం ఒక్కటే తీద్దాం. అరుపు వినపడి తల తిప్పినట్టు. ఆ తర్వాత ఇదే, పిల్ల కుడస్తా ఉన్నట్టు” అన్నాడు.

“మధ్యలో నడక ఏదయ్యా? బెత్తెడు దూరం తెగిపోతుంది.”

“నేను మేకల్ని కాసినోణ్ణే సార్. పిల్ల వచ్చే అడుగులు ఎప్పుడూ పూర్తిగా చూసింది లేదు. తల తిప్పి చూసేతలికి పొదుగుకింద ఉంటాది.”

మాస్టరు గొణిగాడు. తమిళంలో గొణిగాడు కాబట్టి ఏమన్నాడో చెప్పలేను, పొగిడి మాత్రం ఉండడు. వేరే దారి లేక కెమెరాను తల్లిమేక మొహం దగ్గరికి జరిపాడు. ఆ రోజంతా మేక తల తిప్పింది. తెల్లచెవి నిక్కింది. ఆ తర్వాత కెమెరాను వెనక్కి తెచ్చి, పిల్ల తోక ఆడించడం మొదలుపెట్టారు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు, మధ్యమధ్య పొదుగును తలతో ఒక్క కుమ్ము. నేను ఊపిరి బిగబట్టి చూశాను. ఈసారి విసుగనిపించలేదు.

యజమాని చూసే రోజున మమ్మల్నీ రమ్మన్నాడు మాస్టరు. పాపం ఎందుకు రమ్మన్నాడో, ఓడిపోతే తిట్టడానికి ఎదురుగా మనిషి ఉంటే బాగుంటుందనుకున్నాడేమో. చిన్న గది, నాలుగు కుర్చీలు, తెల్లటి తెర. యజమాని భారీ మనిషి, విసనకర్ర విసురుకుంటూనే ఉన్నాడు. మేము గోడవారన నేలమీద కూర్చున్నాం.

లైట్లు ఆరిపోయాయి. తెరమీద మా కొండ వచ్చింది. మేకపిల్ల నడిచింది.

ఎట్లా చెప్పేది? ఆ గోరంత గోరంత జరపడాలన్నీ నేను కళ్లారా చూశాను. అయినా చెబుతున్నాను, అది నడిచింది. పుట్టిన మర్నాడు పిల్ల నడిచినట్టే, కాళ్లు తడబడుతూ, ఆగి, ఇటూ అటూ చూసి. రాళ్ల మధ్యనుంచి దిగింది. దిగువకు వచ్చి నిలబడి తల ఎత్తింది. అంతలో తల్లిమేక మొహం. చెవి నిక్కింది, తల తిరిగింది. చూస్తే పిల్ల పొదుగుకింద ఉంది, తోక ఆడుతోంది.

ఆ చీకట్లో నా పక్కనుంచి నాలుక అంగిటికి కొట్టిన చప్పుడు వినిపించింది. ఉండవే, ఉండు.

లైట్లు వేశారు. యజమాని విసనకర్ర ఆగిపోయి ఉంది. “పిల్ల చివరి నాలుగడుగులు కనపడలేదే?” అన్నాడు. యజమాని కాసేపు తెరవైపే చూసి, “లేకపోయినా ఏం లోటు లేదులే. ఇంకొకటి మొదలుపెట్టండి” అని లేచిపోయాడు. ఆ ముక్కతో షెడ్డు నిలబడింది. మాస్టరు జేజి వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. కృతజ్ఞతా, ఇంక దయచెయ్యి తల్లీ అన్న వేడుకోలూ, రెండూ అందులో ఉన్నాయి.

జేజి కొంగుతో కళ్లు తుడుచుకుని, చిన్నాయన భుజం పట్టుకుని లేచింది. “నువ్వు తాగిన మేక అది” అంది. చిన్నాయన తల ఊపాడు. నాలుగు రోజులుగా ఆయన ఎదురుచూసిన మాట అదే.

అయినా బయల్దేరే రోజున చిన్నాయన గుడ్డసంచి సర్దుకుని స్టేషనుకు వచ్చాడు. మాటంటే మాట. చూసినాక కూడా రమ్మంటే వస్తానన్నాడు, రావద్దని జేజి ఇంకా అనలేదు. అడగడానికి ఆయనకూ నోరు రాలేదు. బండి వచ్చింది. జేజి నన్ను ముందు ఎక్కించి, తాను ఎక్కి, చిన్నాయన కాలు మెట్టుమీద పెట్టబోతుంటే ఆయన చేతిలో సంచి లాక్కుంది. దాన్ని ఆయన గుండెకే ఆనించి వెనక్కి నెట్టింది.

“నువ్వు యాడికిరా? నీ మంద ఈడ ఉండాది. పొద్దుగూకితే ఈడ గంప ఎత్తేదెవరు?”

చిన్నాయన ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయాడు. జేబులోంచి ఒక బలపం ముక్క తీసి కిటికీలోంచి నాకు చూపించాడు. “గిట్టల చుట్టూ దీంతో గీతలు గీసుకుంటానమ్మా. సందకాడ పిల్లను తల్లికాడ ఇడుస్తా. పొద్దున మళ్లా గీతల్లోనే నిలబెడతా” అన్నాడు. బండి కదిలింది. జేజి తల ఊపింది. ఈసారి అది ఒప్పుకోవడమే.

ఇంటికి ఒట్టిచేతులతో వచ్చామని నాయన నానా మాటలూ అన్నాడు. అన్నంత పనీ చేశాడు, చిన్నాయన వంతు మేకల్ని గిద్దలూరు సంతకు తోలుకుపోయాడు. వాటిలో తెల్లచెవి నల్లమేక మునిమనమరాలిని ఒక్కదాన్ని మాత్రం జేజి దారికి అడ్డంగా నిలబడి ఆపింది. మిగతావి పోతుంటే ఇంటి వెనక్కి పోయి కూర్చుంది. ఆ మేకల్ని ఒక్కొక్కదాన్నీ ఏ తల్లికి ఏది పుట్టిందో ఎరిగిన మనిషి. ఆ బాధ చిన్నది కాదు. చిన్నాయనకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పకూడదని కట్టడి చేసింది.

అప్పటినుంచి మా ఇంట్లో సాయంత్రం ప్రశ్న ఒకటి కాదు, రెండు. గంప ఎత్తాక, పిల్లలన్నీ కుడిచాక, జేజి చేతులు కడుక్కుని నావైపు తిరిగేది. “మీ చిన్నాయన ఎత్తింటాడా?”

“ఎత్తింటాడు జేజీ.”

అప్పుడు సంగటి ముందు కూర్చునేది. నేను ఎప్పుడైనా పరధ్యానంగా ఉండి జవాబు ఆలస్యమైతే ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

ఆ షెడ్డు ఎంతోకాలం నిలవలేదు. యుద్ధం ముదిరి, మదరాసు మీద బాంబులు పడతాయని జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లు పట్టారు. స్టూడియో మూశారు. చిన్నాయన గిద్దలూరులో బండి దిగి, నెత్తిన పాత పలకలపెట్టె ఒకటి పెట్టుకుని, పొద్దు వాలుతుండగా ఇంటికి వచ్చాడు. మా అమ్మ నీళ్లు తెచ్చింది. నాయన అన్నీ మరిచిపోయి తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చాడు. జేజి దగ్గరికి రాలేదు. అప్పటికి ఆమెకు చూపు బాగా ఆనేది కాదు. అన్నాళ్ల తర్వాత వచ్చిన కొడుకును తిన్నావా అని కూడా అడగకుండా, “పెట్టె తెరువు” అంది.

చిన్నాయన మూత తీశాడు. జేజి వంగి లోపల చేతులు పెట్టి తడిమింది. గడ్డి పరిచి ఉంది. తల్లిమేక వెంట్రుకలు చాలావరకు రాలిపోయాయి, తెల్లచెవి వంగిపోయింది. ఆమె చేతులు మేక వీపు మీదుగా పొట్ట కిందికి పోయి ఆగాయి. పిల్ల అక్కడే ఉంది. మూతి పొదుగుకు ఆనించి, దారిలో కదలకుండా దారంతో కట్టి ఉంది.

“సరే, రాండి. తిందాం” అంది జేజి.